ముత్తాత మీద మునిమనవడి ప్రేమ

ఊరి పక్క నుంచి రింగు రోడ్డు పోతుందని తెలిస్తే చాలు, ముత్తాత మీద ప్రేమ పొంగుకొస్తుంది. నిన్నటిదాకా ఆయన పేరు కూడా తెలియని మునిమనవడు 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ నకలు జేబులో పెట్టుకు తిరుగుతాడు. తద్దినం ఏ తిథో అడక్కండి, అది పహాణీలో ఉండదు. ఉర్దూలో ఉన్న పాత సర్వే రికార్డు సేత్వార్ చదివిపెట్టే పెద్దమనిషికి రోజూ చాయ్, సమోసా.

అటక మీది ఇనప తీగకు గుచ్చిన పాత ఉత్తరాల కార్డులూ దిగుతాయి. ఒకదాంట్లో ‘ఉభయకుశలోపరి’ అయిన వెంటనే ముత్తాత బావమరిదిని అప్పు అడిగాడు. ఆ కార్డు మళ్లీ తీగకే! పహాణీలో పట్టాదారు గడి దగ్గర చూపు చురుకే. పక్కన కాస్తుదారు, అంటే సాగు చేసేవాడి గడిలో ఇంకెవరి పేరో కనిపిస్తే మాత్రం చత్వారం వచ్చేస్తుంది.

ఇక వారసుల వంశవృక్షం. ఆడపిల్లలకూ సమాన వాటా అని 2005లో చట్టం సవరించారు గానీ, ఈ చెట్టుకు కొడుకుల కొమ్మలే మొలుస్తాయి. మేనత్తలేరయ్యా అంటే, ‘పెళ్లిళ్లయి వెళ్లిపోయారు సార్’. హక్కు వదులుకున్నట్టు సంతకాలు కావాలనండి, ముగ్గురి ఫోన్ నంబర్లూ తడుముకోకుండా చెప్తాడు.