చిప్స్ కొన్నవాడి వాటా

ఐర్లండ్‌లో తెలుగు తల్లిదండ్రులకి నిద్ర పట్టనివ్వని మాట ఒకటుంది: ట్రాన్సిషన్ ఇయర్. జూనియర్ సైకిల్ పరీక్షలు అయిపోయాక, పదిహేను పదహారేళ్ల పిల్లల్ని ఒక ఏడాదిపాటు ప్రభుత్వ పరీక్షల గొడవ లేకుండా నాటకాలు వేసుకోండి, వంట నేర్చుకోండి, ఎక్కడైనా పనిచేసి చూడండి అని వదిలేస్తారు. 1974 నుంచీ ఉన్న పద్ధతే. కానీ ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనిషికి ‘పరీక్షలు లేని ఏడాది’ అనగానే ఒంట్లో ఎక్కడో కలుక్కుమంటుంది.

అలాంటి ఏడాదిలో ఉన్న పిల్లలకి శనివారాలు కార్క్‌లో ఒక యూత్ క్లబ్బులో పాటలు తయారుచేయడం నేర్పుతుంటాను. వారమంతా సాఫ్ట్‌వేర్ కొలువు. ఒకప్పుడు కృష్ణానగర్‌లో ఓ రికార్డింగ్ స్టూడియోలో కేబుళ్లు చుట్టిపెట్టేవాణ్ణి, ఆ అర్హతమీదే ఈ గురుపీఠం దక్కింది.

మొన్న సంక్రాంతి సంబరాల్లో ఒకాయన పులిహోర ప్లేటుతో పక్కన చేరి, “మావాణ్ణి మీ దగ్గరికి పంపిస్తే పాయింట్లేమైనా వస్తాయాండీ?” అన్నారు. ఇక్కడ కాలేజీ సీట్లు చాలావరకు బడి చివర రాసే లీవింగ్ సర్ట్ పరీక్ష పాయింట్ల మీదే, గరిష్ఠం 625.

“పాయింట్లు రావండీ, పాట వస్తుంది” అన్నాను.

ఆయన పులిహోరలో పల్లీలు ఏరుకోవడం మొదలుపెట్టారు. లీవింగ్ సర్ట్‌లో సంగీతం కూడా ఒక సబ్జెక్టేననీ, అందులో ప్రదర్శన కింద మ్యూజిక్ టెక్నాలజీ ఎంచుకోవచ్చనీ, హయ్యర్ లెవెల్లో ప్రదర్శనకే సగం మార్కులు పెట్టుకునే వీలుందనీ చెప్పేసరికి తలెత్తారు. “అయితే మెడిసిన్‌కి లెక్కలోకొస్తుందా?”

పిల్లలతో పాటలు చేయించే పనికి ఈ ఊళ్లో అసలు పేరున్నది నాక్‌నహీనీలోని కాబిన్ స్టూడియోకి. జీఎంసీ బీట్స్ అనే పేరుతో పాటలు చేసే గ్యారీ మెకార్తీ అక్కడ పిల్లలతో ర్యాప్ రాయిస్తాడు, పాడిస్తాడు. 2024లో ఆ పిల్లలూ, క్లేర్ కౌంటీలోని లిస్‌డూన్‌వార్నాలో ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల పిల్లలూ కలిసి ‘ద స్పార్క్’ అనే పాట చేశారు. క్రిన్యూ న నోగ్ అనే పిల్లల కళల పండుగ కోసం చేసిన పాట అది, ప్రపంచమంతా ఫోన్లలో తిరిగింది. ఆ స్టూడియోకి దగ్గర్లో, హాలీహిల్‌లో, 1980 నుంచీ ఆపిల్ కంపెనీ ఉంది. గ్యారేజ్‌బ్యాండ్ తయారుచేసే కంపెనీ పక్కన ఉండగా, ఆ వేసవిలో ఊరికి పేరు తెచ్చింది గుక్కతిప్పుకోకుండా పాడిన పిడుగులు.

అప్పట్నించీ మా క్లబ్బులో ఎవర్ని కదిపినా వైరలే. దానికి ముందు చరిత్ర కొంచెం తెలియాలి కదా అని ఒకసారి యూ2 బృందం గురించి ఎత్తుకున్నాను. ఈ దేశంలో పిల్లలకి సంగీతం నేర్పే మ్యూజిక్ జనరేషన్ పథకానికి వాళ్లు 50 లక్షల యూరోలు, ఐర్లండ్ ఫండ్స్ అనే దాతృత్వ సంస్థ 20 లక్షల యూరోలు ఇస్తామని 2009లో ముందుకొచ్చాయి. అంతా విని ఒక అమ్మాయి, “మా నాన్న ఫోన్లోకి అడక్కుండా వచ్చి కూర్చున్న పాటలు వాళ్లవేనా?” అంది. వాళ్లవే. 2014లో కొత్త ఆల్బమ్‌ని ఐట్యూన్స్ వాడే కోట్లమంది ఖాతాల్లో ఉచితంగా పడేశారు. లోకంలో ఉచితంగా ఇచ్చి తిట్లు తిన్నవాళ్లు తక్కువ.

నేర్పడం విషయానికొస్తే, పిల్లలకి సాఫ్ట్‌వేర్ నేర్పక్కర్లేదు. నేను మెనూ వెతికేలోపు వాళ్లు డ్రమ్స్ వేసి, బేస్ కలిపి, నా కళ్లజోడు ఎక్కడుందో కూడా చెప్పేస్తారు. వాళ్లకి రానిది ఒక్కటే, ఆగి వినడం. గొంతు రికార్డు చేయడానికి మాకు స్టూడియో గది లేదు. కోట్లు తగిలించే అల్మారాలో మైకు పెట్టి, పాడేవాళ్ల నెత్తిన దుప్పటి కప్పుతాం. ఐరిష్ వానకి తడిసిన కోట్లు ఒక రకం వాసన వేస్తాయి గానీ ప్రతిధ్వనిని బ్రహ్మాండంగా మింగేస్తాయి. ఒక రోజు పాడుతున్నవాడు చరణం మధ్యలో ఉక్కపోసి జాకెట్ జిప్పు లాగాడు. ‘జ్‌ర్‌ర్‌ప్’మంది. తీసేయబోతుంటే ఆ అమ్మాయే నా చేతిమీద ఒక్కటిచ్చింది. ఆ చప్పుడు కత్తిరించి, పైస్థాయి పెంచి, రెండో దెబ్బ మీద పెట్టింది. పాటకి ప్రాణం వచ్చింది. దాంతోపాటు తగాదా కూడా వచ్చింది. జిప్పు తనదని వాడన్నాడు.

సరిగ్గా అక్కడ ఆపి స్ప్లిట్ షీట్ తీశాను. ఎవరు ఏం చేశారు, ఎవరికి ఎంత శాతం అని రాసుకుని సంతకాలు పెట్టే ఒకే ఒక్క కాగితం. గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దే కంప్రెసర్ గురించి చెప్తే ఆవలించినవాళ్లంతా కుర్చీలు ముందుకి లాక్కున్నారు. అప్పటిదాకా ప్రాణస్నేహితులు. కాగితం బల్లమీద పెట్టగానే పొలం గట్టు దగ్గర అన్నదమ్ములైపోయారు.

ముందు పాట వేరు, రికార్డింగు వేరు అని చెప్పాను. రేడియోలో మోగితే పాట కట్టినవాళ్ల తరఫున ఇమ్రో వసూలు చేస్తుంది. రికార్డింగు తరఫున పీపీఐ చూసుకుంటుంది, అందులో పాడినవాళ్ల వాటా రాప్ అనే సంస్థ ద్వారా చేరుతుంది. ఎవరి మొహంలోనూ వెలుగు రాలేదు. ఇలా కాదని ‘నాటు నాటు’ ఎత్తాను. ట్రిపులార్ వీళ్లలో చాలామంది చూశారు. 2023 ఆస్కార్ వేదిక మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. బొమ్మలు అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. ఎందుకంటే ఆ బహుమతి పాట కట్టినవాళ్లకి. “మరి అంతలా గెంతిన హీరోలకి?” అన్నారు. చప్పట్లు కొట్టే అవకాశం, అన్నాను.

కాపీరైట్ మాత్రం వీళ్లకి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు, రక్తంలోనే ఉంది. ఆరో శతాబ్దంలో సెయింట్ కొలంకిల్ తన గురువు ఫినియన్ దగ్గరున్న పుస్తకానికి గుట్టుగా నకలు రాసుకున్నాడట. నకలు కూడా నాదేనని గురువు పంచాయతీ పెడితే, ఆవు ఎవరిదో దూడా వాళ్లదేనని రాజు డియర్మిడ్ తీర్పిచ్చాడట. అది కాస్తా ముదిరి 561 ప్రాంతంలో కూల్ డ్రెవ్న దగ్గర యుద్ధమైందని ఐతిహ్యం. జిప్పు కుర్రాడు అంతా విని, “అంటే శాంపిల్‌కి పర్మిషన్ తీసుకోలేదన్నమాట” అని ఒక్క ముక్కలో తేల్చాడు. నాకు ఆ విషయం చెప్పడానికి పావుగంట పట్టింది.

ఆ తర్వాత డబ్బు. ఏడాదిలో కనీసం వెయ్యి సార్లు వింటే తప్ప ఆ పాట రికార్డింగుకి స్పాటిఫై 2024 నుంచీ పైసా లెక్కకట్టదు. వెయ్యి దాటినా చేతికొచ్చేది, దేశాన్నిబట్టి అటూఇటూగా, మూడు నాలుగు యూరోలు. ఆ సంగతి విన్నాక మూల కూర్చున్న ఇంకో కుర్రాడు నోరు విప్పాడు. వాడు పాడలేదు, రాయలేదు, మీట నొక్కలేదు. చిప్పర్‌కి, అంటే చిప్స్ కొట్టుకి, వెళ్లి అందరికీ చిప్స్ తెచ్చాడు, సొంత డబ్బుతో. “ఈ పాట జీవితంలో సంపాదించేదానికన్నా నేను పెట్టిందే ఎక్కువ. నాకు ఐదు శాతం.”

అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు, కుర్రాడి వాదనలో పస ఉంది. మన దేశంలో సినిమా కోసం డబ్బిచ్చి కట్టించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, చాలాకాలంపాటు మొదటి హక్కుదారు నిర్మాతే. రచయితకీ సంగీత దర్శకుడికీ థియేటర్ బయట వాడకం మీద వచ్చే రాయల్టీలో, నిర్మాతకి రాసిచ్చేయడానికి వీల్లేని వాటా చట్టంలో చేరింది 2012లో. ఇదంతా విప్పి చెప్పాను. చెప్పకుండా ఉంటే ఆ పూట తొందరగా ఇంటికెళ్లేవాణ్ణి.

చిప్స్ కుర్రాడు లేచి నిలబడ్డాడు. “అంటే ఒకప్పటి ఇండియాలో అయితే పాట మొత్తం నాదేనా?”

“ఒప్పందం కాగితం మీద లేకపోతే...” అంటూ నేను నసుగుతుండగానే ఆ అమ్మాయి పెన్ను లాక్కుంది. మాటలకి ఇంత, ట్యూనుకి ఇంత అని పంచేసింది. జిప్పుకి రెండు శాతం పడేసింది. ఆఖరి వరసలో ‘చిప్స్: స్నేహపూర్వక కానుక, సున్నా శాతం’ అని రాసి కాగితం వాడి ముందుకు తోసింది. వాడు రెండుసార్లు చదువుకుని, వచ్చే శనివారం చిప్స్ ఖర్చు ఆవిడదేనని కింద ఒక షరతు చేర్చి అప్పుడు సంతకం పెట్టాడు.