ఎవరినీ తీసేయని ప్రభుత్వం

మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగం పోవడం మహా కష్టం. రాజ్యాంగంలోని 311వ అధికరణం గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంటుంది. నోటీసు ఇవ్వాలి, అభియోగం చెప్పాలి, విచారణ జరపాలి, సంజాయిషీ వినాలి. ఇదంతా పూర్తయ్యేలోపు ఆ ఉద్యోగికి రిటైర్మెంటు వచ్చి, శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి పంపే సన్మానసభ కూడా అయిపోతుంది. అందుకని, మన ప్రభుత్వాలు ఉద్యోగుల్ని తీసేస్తున్నాయని ఎవరైనా అంటే నమ్మకండి. పచ్చి అబద్ధం. అవి ఎవరినీ తీసేయవు. పని చేయించుకునేవాణ్ని అసలు ఉద్యోగి అనకుండా మొదట్లోనే జాగ్రత్త పడతాయి, అంతే.

ఏ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. కంప్యూటర్ ముందున్న అమ్మాయి అవుట్‌సోర్సింగ్. ఫైలు మోసే అతను కంటింజెంట్. కాలేజీలో పాఠం చెప్పే ఆయన గెస్టు, అంటే ప్రభుత్వానికి అతిథి. అతిథికి భోజనం పెట్టాలన్న నియమం మాత్రం ఆ జీవోలో ఉండదు. మునిసిపాలిటీలో ఊడ్చే ఆవిడది ఏజెన్సీ. ఇంకా కాంట్రాక్టు, ఎన్ఎంఆర్, అవర్లీ, హానరేరియం అంటూ కులాల్లో ఉపకులాల్లాగా లెక్కలేనన్ని తెగలు. కలెక్టరుగారి సమీక్ష ఉన్న రోజు వీళ్లంతా ‘మన సిబ్బంది’. జీతం మూడు నెలలు ఆగిందని అడగడానికి వస్తే ‘ఏజెన్సీవాళ్లు కదమ్మా మీరు, వాళ్లనే అడగండి’. ఏజెన్సీవాణ్ని అడిగితే బిల్లు ట్రెజరీలో ఉందంటాడు. ట్రెజరీ ఎవరిదో ఎవరూ చెప్పరు.

మరి ఇన్ని వేలమంది ఇళ్లకు వెళ్లిపోతున్నారు కదా, వాళ్ల సంగతేమిటి? అది వాళ్లు చేసుకున్నదే అని తేల్చిన సందర్భం ఒకటుంది. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సాయంత్రం ఆరు గంటల్లోగా డ్యూటీలో చేరాలని గడువు పెట్టారు. చేరలేదు. సుమారు 48 వేలమంది ఉద్యోగాలు పోయాయని, అదీ సంస్థ తీసేయడం వల్ల కాదని, వాళ్లే ‘సెల్ఫ్ డిస్మిస్’ అయ్యారని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. కార్మిక చట్టాల చరిత్రలో ఇంత పొదుపైన పద్ధతి మరొకటి లేదు. నోటీసు ఖర్చు లేదు, విచారణాధికారి టీఏ, డీఏ లేవు. ముద్దాయీ తనే, జడ్జీ తనే, తీర్పు రాసుకునేదీ తనే. 52 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. నవంబరు నెలాఖరున అందరినీ మళ్లీ చేర్చుకున్నారు. తమను తాము తీసేసుకున్నవాళ్లను ప్రభుత్వం ఎలా చేర్చుకోగలిగిందన్న సందేహం మీకు వస్తే, అది మీ చదువు చేసిన పాపం. ఆ రోజుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికుల గురించి వ్యంగ్యంగా రాయడానికి మాత్రం నాకు చేతులు రావు. అది వదిలేస్తున్నాను.

కృష్ణకు అవతలి ఒడ్డున ఇంకా ముందుకు వెళ్లారు. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. గ్రామంలో 50 ఇళ్లకు ఒకరు చొప్పున, మొత్తం రెండున్నర లక్షల పైచిలుకు మంది. నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనం. ఒకటో తారీఖు కోడి కూయకముందే పింఛను పట్టుకుని తలుపు తట్టడం, సర్వే అంటే సర్వే, ఆధార్ అంటే ఆధార్, కరోనా కాలంలో ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కపెట్టడం వాళ్ల పని. జీతం పెంచండని 2021లో అడిగితే, మీది ఉద్యోగం కాదు, సేవ అని నాటి ముఖ్యమంత్రి జగన్ స్వయంగా లేఖ రాశారు. 2024 ఎన్నికలకు ముందు, మేమొస్తే 5 వేలు కాదు, 10 వేలిస్తామని ప్రతిపక్ష కూటమివారు హామీ ఇచ్చారు. వచ్చారు. ఆ తర్వాత చట్టసభలో చెప్పిందేమిటంటే, 2023 ఆగస్టు తర్వాత వాలంటీర్లను కొనసాగిస్తూ అసలు ఉత్తర్వులే లేవట. లేని వ్యవస్థకు జీతమెలా ఇస్తామన్నారు.

నియమించినవారు ఉద్యోగులు కారన్నారు. తర్వాత వచ్చినవారు అసలు లేరన్నారు. ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు ఈ ఒక్క లెక్కలో కలిసి నడిచాయి. మరి 2023 ఆగస్టు నుంచి 2024 మార్చి దాకా తెల్లవారుజామున తలుపు తట్టి అవ్వ చేతిలో డబ్బు పెట్టిందెవరు? ఉత్తర్వు లేని మనుషులు ఉత్తర్వున్న డబ్బు పంచారన్నమాట. వాళ్లలో చాలామంది పార్టీ కార్యకర్తల్లా పనిచేశారన్న విమర్శ ఉంది. కొట్టిపారేయదగ్గదేమీ కాదు. ఆ కారణంతోనే తీసేయవచ్చు కూడా. కానీ అలా చేస్తే, తీసేశామని ఒప్పుకోవాలి. మన ప్రభుత్వాలకు చేతకాని పని అదొక్కటే.

ఇవన్నీ రాజకీయాల్లో జరిగే చిత్రాలు అనుకుంటే పొరపాటు. చట్టమే దారి చూపింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చాలా మంచిది. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ని తొలగించాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చేతిలో పెట్టాలి. ఇది మరీ మంచిగా ఉందని 1984లో చిన్న సవరణ చేశారు. ఒప్పందం గడువు ముగిసి, దాన్ని పొడిగించకపోతే అది తొలగింపు కిందికి రాదు. అంతే. ఆనాటి నుంచి మన ఆఫీసుల్లో మార్చి 31కి ఓ పవిత్రత వచ్చింది. ఆ రోజుతో ఒప్పందాలన్నీ ముగుస్తాయి. పొడిగింపు జీవో ఎప్పుడో దానికి తీరిక దొరికినప్పుడు వస్తుంది. ఈలోపు ఆ మనిషి రోజూ ఆఫీసుకొచ్చి ఏ హోదాలో పనిచేస్తున్నాడో కాలజ్ఞానం రాసినవారికే తెలియాలి. ఇరవై ఏళ్లు పనిచేసినవాడు చట్టం దృష్టిలో ఇరవై సార్లు కొత్తగా చేరినవాడు. ఇరవయ్యొకటోసారి చేర్చుకోలేదు, అంతే కదా, దానికింత గొడవ ఎందుకు? ఆ పాత చట్టం పోయి, 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. తొలగించిన కార్మికుడికి 15 రోజుల జీతాన్ని కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఇప్పించే నిధి ఒకటి అందులో ఉంది. గడువు ముగిసిన నిర్ణీతకాల ఒప్పందం తొలగింపు కాదన్న మాట మాత్రం అందులోనూ భద్రంగా ఉంది.

కోర్టుకెళ్తే? 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉమాదేవి కేసులో, దొడ్డిదారిన చేరినవారికి పర్మినెంట్ చేయమని అడిగే హక్కు లేదంది. దొడ్డిదారి తలుపు తీసిపెట్టింది ప్రభుత్వమే కదా అని మీరనవచ్చు. పదేళ్లు దాటినవారిని ఒకసారికి పరిశీలించండని అదే తీర్పులో రాసిన సంగతి మన శాఖలకు కనిపించలేదు. మొదటి సగం మాత్రం ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చి, మొక్కలకు నీళ్లు పోసి, 2018లో ఉన్నపళంగా ఇంటికి పంపించబడ్డవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2024 డిసెంబరులో జగ్గో కేసులో వాళ్లను రెగ్యులర్ చేయమని తీర్పొచ్చింది. ఉమాదేవి తీర్పును పనివాళ్ల మీదికి ఆయుధంలా వాడుతున్నారని కోర్టు గడ్డి పెట్టింది కూడా. గడ్డి తిన్నవారెవరికీ అది అరిగినట్టు దాఖలా లేదు.

సరే, ఉద్యోగం పోయింది. పోలేదు, కానీ పోయింది. ఇక నిరుద్యోగ భృతి అడుగుదాం. ఇక్కడ మన నాయకుల ఔదార్యానికి హద్దుల్లేవు. 2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి ఇచ్చారు, ఎన్నికల ముందు 2 వేలు చేశారు, ప్రభుత్వం మారగానే అది ఆగిపోయింది. అదే 2018లో తెలంగాణలో టీఆర్ఎస్ 3,016 రూపాయలు ఇస్తానంది. పెళ్లి చదివింపుల్లో నూటపదహార్లలాగా చివర ఆ 16 శుభసూచకం. శుభం జరిగింది, ఇవ్వాల్సిన అవసరం రాలేదు. 2023 మేలో సరూర్‌నగర్ సభలో కాంగ్రెస్ 4 వేలంది. 2024లో ఆంధ్రా కూటమి 3 వేలంది. గద్దెనెక్కి ఏడాది గడిచినా ఇద్దరి ఖాతాల్లోంచీ ఎవరి ఖాతాలోనూ పడలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

పోనీ, ఆ భృతి వస్తుందనే అనుకుందాం. ఎవరికి? ఇచ్చిన ఒక్కసారైనా యువనేస్తం 22 నుంచి 35 ఏళ్ల మధ్యవారికి, డిగ్రీయో డిప్లొమానో చదివినవారికి. అంటే ఎన్నడూ ఉద్యోగం చేయనివాడు నిరుద్యోగి. పద్దెనిమిదేళ్లు వాటర్ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పి, నలభై ఆరో ఏట ఇంటికి వచ్చిన ఏడో తరగతి మనిషి నిరుద్యోగి కాడు. ఏమిటి మరి? దానికింకా పేరు పెట్టలేదు. పేరు పెడితే డబ్బివ్వాల్సి వస్తుంది.

అమెరికాలో కూడా ఇలాగే చేశారు కదా అని మా వీధిలో ఓ పెద్దమనిషి సమాధానపడ్డాడు. నిజమే. 2025 ఫిబ్రవరిలో అక్కడ ప్రొబేషన్‌లో ఉన్న ఫెడరల్ ఉద్యోగులను వేలమందిని, మీ పనితీరు బాగాలేదంటూ ఒకే అచ్చులో పోసిన ఉత్తరాలతో ఇంటికి పంపారు. అందులో మంచి రేటింగు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ కారణం బూటకమని కాలిఫోర్నియా జడ్జి ఒకరు మొహం మీదే అన్నారు. అబద్ధం చెప్పడంలో మనకూ వాళ్లకూ తేడా లేదని సంతోషించవచ్చు. కానీ అక్కడ, వెళ్లిపోయే ఫెడరల్ ఉద్యోగికి ఎస్ఎఫ్-8 అనే కాగితం చేతికివ్వాలి. భృతికి ఎక్కడ, ఎలా దరఖాస్తు చేయాలో దానిమీద రాసి ఉంటుంది. ఆ ఖర్చు తీసేసిన శాఖే భరించాలి. మన దగ్గర చేతికి రావలసింది రిలీవింగ్ లెటరు. తీసేయనివాడికి రిలీవింగ్ లెటరు ఎందుకు?

ఇంత చెప్పాక ఒక విచిత్రం చెప్పాలి. భృతి లేకపోలేదు. ఉంది. ఈఎస్ఐలో ఉంది. 2018 జులై నుంచి అటల్ బీమిత వ్యక్తి కళ్యాణ యోజన అనే పథకం నడుస్తోంది. ఇన్ని మేనిఫెస్టోలు రాసినవాళ్లలో ఒక్కరూ దీని గురించి మైకులో చెప్పలేదు, ఎందుకంటే ఇందులో ఫొటో వేసుకునే వీల్లేదు. మొదట్లో సగటు జీతంలో 25 శాతం ఇచ్చేవారు. కరోనా వచ్చాక 50 శాతం చేశారు. 90 రోజులకు ఇస్తారు, అదీ జీవితంలో ఒక్కసారే. రెండోసారి ఉద్యోగం పోతే అది మీ దురలవాటు కింద లెక్క. తొలినాళ్లలో అయితే 20 రూపాయల స్టాంపు కాగితం మీద ప్రమాణం రాసి, మీకు ఉద్యోగం పోయిందని మిమ్మల్ని పంపించిన యజమాని ద్వారానే దరఖాస్తు పంపాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నది ఊరికే పుట్టలేదు. ఆ నిబంధన తర్వాత తీసేశారు. ఇప్పుడు నేరుగా ఈఎస్ఐ బ్రాంచికి వెళ్లవచ్చు.

దీంట్లోనూ ఒక మెలిక ఉంది, వినండి. ఈఎస్ఐ నెలకు 21 వేల లోపు జీతగాళ్లకే. 2017 నుంచీ ఆ గీత అక్కడే ఉంది. తెలంగాణలో 2021 పీఆర్సీతో అవుట్‌సోర్సింగ్ వేతనాలు 15,600, 19,500, 22,750 అయ్యాయి. పెంచారని మూడో వర్గంవాళ్లు స్వీట్లు పంచుకున్నారు. ఆ 22,750తో గీత దాటి, ఈఎస్ఐ నుంచి, ఆసుపత్రి నుంచి, భృతి నుంచి ఒకేసారి బయటపడ్డారు. ఇక లోపలున్న 15,600 వాడికి 90 రోజులకూ కలిపి వచ్చేది 23 వేల పైచిలుకు. 3,016లూ 4 వేలూ ఎన్ని సభల్లో విన్నా ఇంత రాలేదు కాబట్టి, ఇది చిన్నమొత్తమేమీ కాదు. ఇక ఏజెన్సీవాడు జీతంలో కోసిన ముప్పావు శాతం, తను కలపాల్సిన మూడుంపావు శాతం ఈఎస్ఐకి కడితేనే ఇదంతా. కోయడం మాత్రం ఏ నెలా మర్చిపోడు.

అందుచేత అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న పాఠకులకు ఒక మనవి. ఉద్యోగం ఉండగానే ఈఎస్ఐ పోర్టల్లో మీ బీమా నంబరు కొట్టి, మీ పేరు మీద ఏ నెల ఎంత జమైందో చూసుకోండి. జమ కాకపోతే జీతం స్లిప్పులు పట్టుకుని బ్రాంచి మేనేజరు దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. మిమ్మల్ని పంపించిన రోజున మీరు ఉద్యోగి కాదని ప్రభుత్వం అంటుంది, మా దగ్గర రికార్డు లేదని ఏజెన్సీ అంటుంది. రెండేళ్ల బీమా, దానిలో ఒక కాంట్రిబ్యూషన్ కాలంలో 78 రోజులు, చివరి కాలంలో మరో 78 రోజులు కట్టినట్టు తేలితే చాలు, ఆ ఇద్దరి మాటతో సంబంధం లేకుండా భృతి మీది.