నొప్పి పుడుతుందనే చెప్పండి

పిల్లలకి రక్తపరీక్ష చేయించే తల్లిదండ్రులకి నేను చెప్పే సలహాలు వినడానికి తలకిందులుగా ఉంటాయి. మా మైలవరంలో ఈ మాట ఎత్తగానే ఇంట్లో పెద్దవాళ్లు "జ్వరంతో ఉన్న పిల్లని ఇంకా భయపెడతారా" అని కేకలేస్తారు. అయినా ఇవే చెబుతాను. వానలు ముదిరాయంటే ఇక్కడ జ్వరాల రోజులు మొదలైనట్టే. 2024 సెప్టెంబరులో మా కొండల్లో పుట్టిన బుడమేరు వాగే గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. నీళ్లు నిలిచిన చోట దోమలుంటాయి, దోమలున్న చోట డెంగీ భయం ఉంటుంది. డెంగీ అనుమానమంటే ఒక్క సూదితో పోదు. మొదట ఎన్‌ఎస్‌1 అనే డెంగీ పరీక్ష, ఆ తర్వాత ప్లేట్‌లెట్ల కోసం రోజు మార్చి రోజు, ఒక్కోసారి రోజూ. అందుకే మొదటి పోటు ఎలా గడిచిందన్నది చాలా ముఖ్యం.

"ఏం నొప్పుండదు నాన్నా, చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అనకండి. వెల్వడం లాంటి మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు మామిడి చెట్లెక్కి పెరిగినవాళ్లు. చీమ కుడితే ఎలా ఉంటుందో వాళ్లకి మనకన్నా బాగా తెలుసు. సూది దిగగానే మీ మాట అబద్ధమని తేలిపోతుంది. రెండోరోజు మీరు ఏం చెప్పినా చెవికెక్కదు. దానికి బదులు, "నొప్పి పుడుతుంది. మెల్లగా ఇరవై లెక్కపెడదాం. అప్పటికీ కాకపోతే ఇంకో ఇరవై. తర్వాత దూది పెట్టి నొక్కుతారు, అంతే" అనండి. ఐదేళ్ల లోపు వాళ్లకి ఆ పూట చెబితే చాలు. పెద్దపిల్లలకి ముందురోజే చెప్పాలి. బజారుకని చెప్పి బండెక్కించి ల్యాబ్ ముందు దించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఏడవనివ్వండి. "మగపిల్లాడివి, ఏడుస్తావా" అనే మాట ల్యాబ్ బల్లల మీద ఎంత తేలిగ్గా దొర్లుతుందో విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. పిల్లాడికి ఒకే ఒక్క పని అప్పజెప్పండి: "నువ్వు ఎంత గట్టిగానైనా ఏడువు, చెయ్యి మాత్రం కదపకు." రక్తం తీసేవాళ్లకి కావలసింది కదలని చెయ్యే, మూసిన నోరు కాదు.

అమ్మలకి అన్నిటికన్నా కష్టంగా తోచే సలహా ఇది. సూది గుచ్చుతున్నంతసేపూ "అయ్యో నా తల్లే, ఏం కాదమ్మా, అయిపోయిందమ్మా" అంటూ ఉండకండి. కెనడా, అమెరికాల్లో పిల్లల నొప్పి మీద పనిచేసేవాళ్లు దీన్ని పదేపదే గమనించారు. పెద్దలు ఇలా ఊరడిస్తున్నకొద్దీ పిల్లల బెదురు ఎక్కువగా కనిపిస్తుంది, వేరే కబుర్లు చెబితే తగ్గుతుంది. అమ్మ గొంతు వణికిందంటే ఏదో ప్రమాదం ఉందనే పిల్లకి అర్థమవుతుంది. బస్సులో గంట కూడా పట్టని దూరంలో కొండపల్లి ఉంది. తెల్లపొణికి చెక్కతో చేసిన ఎడ్లబండి బొమ్మ ఒకటి పట్టుకెళ్లి చేతిలో పెట్టండి. బండిలో ఎంతమందున్నారు, ఏ ఎద్దు మెడ వంచింది అని అడగండి. ఫోను చూపించినా తప్పులేదు. అయితే ఊరికే చూస్తూ కూర్చునే వీడియో కన్నా జవాబు చెప్పాల్సిన ప్రశ్న బాగా పనిచేస్తుంది.

పిల్ల కళ్లు మీరు మూయకండి. చూస్తావా, అటు తిరుగుతావా అని అడగండి. ఏ చేతికి తీయించుకుంటావో కూడా అడగండి. కానీ "తీయించుకుందామా?" అని మాత్రం అడగొద్దు. వద్దంటే మీరు ఆగరు కదా. ఆగలేని చోట అడగడం కూడా మోసమే.

బల్ల మీద పడుకోబెట్టి నలుగురు కాళ్లూ చేతులూ అదిమిపట్టడం మన దగ్గర మామూలైపోయింది. త్వరగా అయిపోతుందని అలా చేస్తారు. నిజానికి వెల్లకిలా పడేసి పట్టుకుంటే ఏ పిల్లయినా ప్రాణం మీదికొచ్చినట్టే గింజుకుంటుంది. ఒళ్లో పక్కగా కూర్చోబెట్టుకోండి. కాళ్లు మీ మోకాళ్ల మధ్య, ఒక చెయ్యి మీ నడుం చుట్టూ వెనక్కి, రెండో చెయ్యి బల్ల మీద. మీరు కావలించుకుని ఉంటారు, మోచెయ్యి ఒక్కటీ ల్యాబ్ వాళ్లు పట్టుకుంటారు. అవసరమైన పట్టు అంతే.

ఇందులో ఒక మినహాయింపుంది. రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు కొందరుంటారు, ఎక్కువగా పదేళ్లు దాటినవాళ్లు. వాళ్లని పడుకోబెట్టే తీయించాలి. వాళ్లకి "ఒళ్లు వదులు చేసుకో, నెమ్మదిగా ఊపిరి పీల్చు" అని చెప్పకండి. వాళ్లకి రక్తపోటు పడిపోతుంది కాబట్టే స్పృహ తప్పుతుంది. స్వీడన్ మనస్తత్వ నిపుణుడు లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో నేర్పిన పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. కాళ్లూ కడుపూ, సూది లేని చెయ్యీ పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించాలి. మొహంలోకి వేడి వచ్చాక కాసేపు వదిలి, మళ్లీ బిగించాలి. ఇంట్లో నాలుగుసార్లు ఆటలా చేయించి తీసుకెళ్లండి.

పరగడుపున తీసుకెళ్లకండి. రక్తపరీక్ష అంటే ఉపవాసం అనే అలవాటు పాతుకుపోయింది. డెంగీకి, మలేరియాకి, రక్తకణాల లెక్క తీసే సీబీసీకి పరగడుపుతో పని లేదు. ఫాస్టింగ్ షుగర్ లాంటి కొన్నిటికే ఆ నియమం, వాటికైనా మంచినీళ్లు తాగొచ్చు. ఆకలితో, దాహంతో ఉన్న పిల్లకి నరం దొరకదు, ఓపికా ఉండదు. నీళ్లు బాగా పట్టించండి, చెయ్యి చల్లబడితే గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టండి.

చంటిబిడ్డ అయితే పాలు తాగుతుండగానే తీయించండి. పొలమారుతుందని ఆపేవాళ్లుంటారు. బిడ్డ సరిగ్గా పట్టుకుని తాగడం మొదలుపెట్టాక గుచ్చితే నొప్పి తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మడమ మీద పొడిస్తే చిన్న పోటే కదా అనుకుంటాం. నెల లోపు బిడ్డకి, చెయ్యి తిరిగిన మనిషి నరంలోంచి తీస్తే అంతకన్నా తక్కువ నొప్పి. "పసిదానికేం గుర్తుంటుంది" అనేవాళ్లకి ఒక మాట చెప్పాలి. 1980ల దాకా నెలలు నిండని పిల్లలకి సరైన మత్తు లేకుండానే ఆపరేషన్లు చేసిన ఆసుపత్రులు పెద్ద దేశాల్లోనే ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో కన్వల్‌జీత్ ఆనంద్ బృందం 1987లో ఇచ్చిన ఫలితాలతో అది మారడం మొదలైంది. 1997లో టొరంటోకి చెందిన అన్నా టాడియో బృందం ఇంకొకటి చూపించింది. పుట్టిన కొత్తలో నొప్పి మందు లేకుండా సున్తీ జరిగిన పిల్లలు నెలల తర్వాత టీకా వేసినప్పుడు ఎక్కువ ఏడ్చారు.

తరచూ సూది పడే పిల్లలుంటే తిమ్మిరెక్కించే ఎమ్లా క్రీము గురించి డాక్టరుని అడగండి. గంట ముందు రాసి, పైన పట్టీ వేసి ఉంచాలి. కానీ నొప్పి తగ్గాలని ముందే ఐబుప్రొఫెన్ సిరప్ పోయకండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అది రక్తస్రావం ముప్పు పెంచుతుంది.

డాక్టరుని ప్రశ్నించండి. మర్యాదగానే, "ఈ పరీక్ష వల్ల మీరిచ్చే మందు మారుతుందా అండీ?" అని అడగండి. మన వైపు ప్రతి జ్వరానికీ టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష రాసేస్తారు. ఒక్కసారి వైడాల్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని ఖాయం కాదు, ఖాయం చేసేది బ్లడ్ కల్చర్. కావలసినవన్నీ ఒకే చీటీ మీద రాయించుకుంటే ఒకే సూదితో పోతుంది. రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే ఆగమని చెప్పండి. వేరేవాళ్లని పిలవమని అడిగే హక్కు మీకుంది.

"ఒంట్లో రక్తమే లేదంటూ ఇంత లాగేశారేమిటి" అని తల్లులు భయపడతారు. ఆ భయానికి కారణం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మంది రక్తహీనత ఉన్నవాళ్లే. అయితే పదిహేను కిలోల పిల్లలో లీటరు పైనే రక్తం ఉంటుంది, సీబీసీకి తీసేది రెండు మిల్లీలీటర్లు. ఆ లెక్క పిల్లకి కూడా చెప్పండి, చెంచాలో సగం కూడా నిండదని నీళ్లతో చూపించండి.

ఇవన్నీ చేసినా, ఇంట్లో "అన్నం తినకపోతే సూదేయిస్తా" అని బెదిరించే అలవాటు ఉంటే సగం వృథా. అది ఈరోజే మానాలి.

అయిపోయాక "చూశావా, ఊరికే ఏడ్చావ్" అనకండి. ఏది ఎక్కువ నొప్పెట్టింది, ఏది చేస్తే కాస్త నయమనిపించిందని అడగండి. రేపు మళ్లీ రమ్మని డాక్టరు చెప్పి ఉంటే ఆ సంగతి ల్యాబ్ మెట్లు దిగకముందే పిల్లకి చెప్పేయండి. ఏ చెయ్యి ఇవ్వాలో, ఎవరి ఒళ్లో కూర్చోవాలో అప్పుడే తనతోనే తేల్చుకోండి.