రీజెన్ పంచాంగం

బీఎస్6 డీజిల్ పికప్ కొన్నారా? శుభం. ఇక రోడ్డు చూడడం తగ్గించుకోండి. చూడాల్సింది వేరే ఉంది.

స్టీరింగ్ కింద, మోకాలు తగిలే చోట, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. మెకానిక్ స్కానర్ తగిలించుకోడానికి వదిలిన చోటు అది. మీరు అగ్గిపెట్టెంత బ్లూటూత్ డాంగిల్ తెప్పించి అక్కడ గుచ్చి, ఫోన్లో యాప్ వేసుకోండి. ఆ క్షణం దాకా మీదీ బండిదీ మామూలు సంసారం. మీరు డీజిల్ పోస్తారు, అది మోస్తుంది. ఇక మీదట దాని పొట్టలో ఏ పూట ఎంత మసి ఉందో మీకు తెలుస్తూనే ఉంటుంది. తెలిశాక తినబుద్ధి కాదు.

మసి సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్6 కాలుష్య నిబంధనల్లోకి వచ్చింది. నాలుగో మెట్టు మీంచి అయిదోది తొక్కకుండా ఆరో దాని మీదికి గెంతాం. డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నలుసులు వదలొచ్చన్న హద్దు కాస్తా 4.5కి దిగింది. మిగతాది ఎక్కడికి పోవాలి? సైలెన్సర్ దారిలో కూచోబెట్టిన సెరామిక్ దిమ్మలోకి. తేనెతుట్టెలాగా సన్నసన్నటి గొట్టాలు, ఒకదానికి ఈ కొసన మూత, పక్కదానికి ఆ కొసన మూత. లోపలికొచ్చిన పొగ దారిలేక గోడల్లోంచి వడపోసుకుని పోతుంది, మసి గోడకే అంటుకుంటుంది. ఇంట్లో కాఫీ ఫిల్టర్ చేసే పనే ఇది. కాకపోతే ఈ పిప్పిని పారబోసే వీల్లేదు, ఉన్నచోటే తగలబెట్టాలి. దాన్నే రీజెనరేషన్ అంటారు. మనవాళ్ళకి రీజెన్.

తగలబడాలంటే ఇంచుమించు 600 డిగ్రీల వేడి కావాలి. ఊళ్ళో తిరిగే బండి పొగకు అంత సీన్ లేదు. అందుకని ఇంజిన్ కంప్యూటర్ కాస్త ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌కు ముందున్న కేటలిస్ట్‌లో దాన్ని మండించి ఆ వేడి పుట్టిస్తుంది. డీజిల్ కాలిస్తే మసి, ఆ మసిని కాల్చడానికి మళ్ళీ డీజిల్.

ఇదంతా బండి తనంతట తానే చేసుకుంటుంది. ఈ వాక్యం చదివిన వెంటనే మర్చిపోండి. గుర్తుంచుకుంటే మీకు నాతో పనిలేదు.

మొదటి సూత్రం. రోజూ చిన్న ప్రయాణాలే చెయ్యండి. ఆఫీసుకు 6 కిలోమీటర్లు, రావడం 6 కిలోమీటర్లు, మధ్యలో ఎల్బీనగర్ సిగ్నల్. ఇంజిన్ సరిగ్గా వేడెక్కే లోపల తాళం తీసేయండి. మసి పెంచడానికి ఇంతకన్నా మంచి ఎరువు లేదు.

రెండో సూత్రం. యాప్‌లో మసి శాతాన్ని గుడ్డిగా నమ్మండి. అది తూచిన అంకె కాదు, కట్టిన అంచనా. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా ఎంత, ఎంత డీజిల్ కాలింది, ఎంత వేడి ఉంది, ఎంత దూరం తిరిగింది అని చూసుకుని కంప్యూటర్ వేసుకున్న లెక్క. లోపల తక్కెడ పట్టుకుని ఎవడూ కూచోలేదు. అయినా మా అమ్మ పంచాంగం చూడంది గడప దాటనట్టే నేను ఈ అంకె చూడంది తాళం తిప్పను. ఆమె వర్జ్యానికి కనీసం మొదలూ చివరా ఉంటాయి.

మూడోది నాకు ప్రాణం. రీజెన్ మొదలైందా, ఇల్లు చేరొద్దు.

చాలా బండ్లు రీజెన్ నడుస్తోందని చెప్పవు. సిగ్నల్ దగ్గర ఆగితే ఐడ్లింగ్ కాస్త పైన నిలబడుతుంది, మైలేజీ అంకె దబ్బున పడిపోతుంది. ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ రయ్యిమని తిరుగుతూ, ఇనుము కాలిన వాసన వేస్తే మటుకు ఆలస్యమైపోయినట్టే. సగంలో ఆపేశారన్నమాట. యాప్ ఉన్నవాడికి ఈ గుడ్డి గుర్తులతో పనిలేదు. పోయిన నెల ఒక సాయంత్రం రైతుబజారు నుంచి వస్తున్నాం. ఒళ్ళో కూరల సంచితో మా ఆవిడ, స్టాండులో ఫోను. అంకె 80 దగ్గర ఆగి, 79, 77 అని జారడం మొదలెట్టింది. పొగ వేడి 580. మా సందు మలుపుకు వచ్చేసరికి 41.

"ఏమండీ, ఇల్లు దాటిపోయింది."

"చూశాను. ఇంకా 41 శాతం ఉంది."

"నాకా, దానికా?"

వెనక్కి తిప్పి ఆవిణ్ణి గేటు దగ్గర దింపాను, ఇంజిన్ ఆపకుండా. మా వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి నిలబడ్డాడు. నేను రివర్స్ చేస్తుంటే, "సారూ, గేటు ఎయ్యాల్నా, తియ్యాల్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, బొంగుళూరులో దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాను. రానూ పోనూ టోలు. 158 కిలోమీటర్ల ఔటర్‌ని నా ఫిల్టర్ కోసమే వేశారేమో అనిపించే సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి. అంకె 3కి దిగింది. ఎంత తృప్తి! ఇంటికొచ్చేసరికి చపాతీలు అట్టముక్కలయ్యాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం ఎన్ని డిగ్రీలో చెప్పే యాప్ ఇంకా రాలేదు.

నిజానికి ఆ రోజు ఇల్లు చేరి తాళం తీసేసినా కొంప మునిగేది కాదు. ఒకసారి ఆగిపోతే మర్నాడో ఆ మర్నాడో మళ్ళీ మొదలెడుతుంది. అస్తమానూ ఆపేస్తేనే చిక్కు. ఆలస్యంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంబడి కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఒకరోజు డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. పొయ్యకుండానే పెరిగిందని ఓ క్షణం మురిసిపోయాను కూడా. వేలికి రాసుకుని వాసన చూశాక మురిపెం దిగింది.

డాంగిల్‌ని అలాగే వదిలేసి పదిహేను రోజులు ఊరెళ్ళిపోండి. తిరిగొచ్చేసరికి అది బ్యాటరీ తాగేసి ఉండొచ్చు. బండి కదలకపోతే మసీ ఉండదు.

ఎండుగడ్డి మీద, కోసిన వరి కొయ్యల మీద బండి ఆపకండి. ఇది మటుకు వెక్కిరింత కాదు. కింద గొట్టం నిప్పు మీద ఉంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు ఒక మెకానిక్ తగులుతాడు. "అన్నా, ఆ ఫిల్టర్ పీకేసి ఉత్త గొట్టం పెడ్తే లొల్లే ఉండదు" అంటాడు. చట్టం ఒప్పుకోదు, సరే. ఫిల్టర్ లేని మా బామ్మర్ది బీఎస్4 పికప్ వెనకాల బైకు మీద ఒక మధ్యాహ్నం పోయాను. చట్టం సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు, ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లగా వచ్చింది. గొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు.

చివరగా, నోటుపుస్తకం పెట్టండి. తేదీ, దూరం, మసి శాతం, రీజెన్ ఎన్ని నిమిషాలు అన్నీ రాయండి. నేను ఆరు నెలలు రాశాను. ఎర్రపెన్నుతో గీతలు కొట్టి చూస్తే తేలింది ఒకటే. ఊళ్ళో తిరిగిన రోజులన్నీ ఎక్కడమే. హైవే మీద సూర్యాపేట దాకా పోయిన రోజుల్లో మటుకు పంతంగి టోలు దాటాక అంకె ఎవరూ అడక్కుండానే మెల్లగా దిగింది. పొగ అలా గంటసేపు నిలకడగా వేడిగా ఉంటే మసి కొంత దానంతటదే కాలిపోతుందట, ప్రత్యేకంగా రీజెన్ అక్కర్లేకుండా.

అలాంటి వరసలు ఆరు నెలల్లో రెండున్నాయి.

సూర్యాపేట అవతల మా ఊరు. మిరపతోటకు బస్తాలు మోస్తుందని, పండగ పండగకీ పోయి వస్తుంటానని అందరికీ చెప్పి కొన్న బండి ఇది. ఇప్పటిదాకా వెనక డబ్బాలో ఎక్కినవి బామ్మర్ది ఫ్రిజ్జు, అపార్ట్‌మెంటు వినాయకుడు, ఒకసారి యూరియా. నేను రాసిందేమో మసి లెక్క. తిప్పి చదివితే అమ్మ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానన్న లెక్క.

మొన్న రాత్రి అంకె 71 ఉండగా ఫోన్ చేశాను, ఆదివారం వస్తున్నానని.

"ఏం పని పడ్డది బిడ్డా?"

"ఏం లేదమ్మా. బండిల మసి ఎక్కువైంది."

"తీస్కరా," అంది అమ్మ. "చింతపండు, బూడిద పెట్టి తోముదాం."