పూచీకత్తు

మా అక్క కూతురు టెక్సాస్‌లో ఎస్క్రో ఆఫీసరు. ఇల్లు కొనేవాళ్ల డబ్బు, అమ్మేవాళ్ల కాగితాలు తన దగ్గర పెట్టుకుని, అన్నీ సరిపోయాకే చేతులు మారుస్తుంది. అందుకు అక్కడి ఇన్సూరెన్స్ శాఖ లైసెన్సు ఉండాలి. వేలిముద్రలు ఇచ్చుకోవాలి, తన పేరున కంపెనీ బాండు పెట్టాలి. తర్వాతెప్పుడైనా హక్కులో తిరకాసు తేలితే టైటిల్ బీమా ఆదుకుంటుంది.

సంక్రాంతికి వచ్చి పాకాల దగ్గర ఇంటి స్థలం చూసింది. ఇక నా ప్రాణం తోడేసింది.

"మామా, అమ్మించే ఆయనకు లైసెన్సుందా?"

"లేఔట్లు అమ్మించేవాళ్లు 2016 రెరా చట్టం కింద నమోదు కావాల. ఇది రైతు సొంత స్థలం పాపా, దానికి రెరా లేదు."

"రిజిస్టరైతే మనదేనని గవర్నమెంటు పూచీ ఇస్తుందా?"

"1908 నాటి చట్టం దస్తావేజును నమోదు చేస్తుంది, హక్కుకు పూచీ పడదు. ఈసీ తీస్తాం, 22ఏ నిషేధిత జాబితాలో లేదని చూసుకుంటాం, సర్కారు పంచిన డీకేటీ భూమి కాదని అడంగల్ తిరగేస్తాం. అంతే."

హక్కు తేల్చేస్తామంటూ తెచ్చిన 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లో రద్దు చేసిన సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆ పూట అన్నం ఉండదు.

"మరి పూచీ ఎవరిది?"

పక్కన తుండుగుడ్డ దులుపుకుంటున్న రైతు అందుకున్నాడు. "కాణిపాకంలో ప్రమాణం చేస్తా, పోదాం పామ్మా. ఈ పక్క దాన్ని మించిన కోర్టు లేదు."

మా పిల్ల మురిసిపోయింది. ఇలాంటి ఎస్క్రో టెక్సాస్‌లో కూడా లేదంది. మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం. రిజిస్ట్రేషను కూడా ఆ రోజే గనక డబ్బు సంచి నా చంకలోనే ఉంది.

పెద్దాయన కోనేట్లో మునిగి, తడిపంచెతోనే వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడ్డాడు. "ఈ స్థలం నాది. ఇంకొకరికి అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు." గొంతు కాస్తయినా వణకలేదు.

వెనక్కి తిరిగి, "ఇంక నువ్వూ మునిగి రామ్మా" అన్నాడు.

"నేనెందుకు తాతా?"

"దస్తావేజులో రాయించే రేటూ, నా చేతికిచ్చే రేటూ ఒకటేనని చెప్పాల గదా."

మా పిల్ల నా చంకలో సంచి కేసి చూసింది.

"నీళ్లు మరీ చల్లగా ఉన్నట్టున్నాయి మామా."