షరతులు వర్తిస్తాయి

బళ్లారిలో జీన్సు ప్యాంట్లమ్మే కొట్టు ముందు బోర్డు చూడండి. 'భారీ తగ్గింపు' అని ఏనుగంత అక్షరాలు, అడుగున చీమంత అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి'. ప్యాంట్ల వ్యాపారి ఆ చీమనైనా ఉంచుతాడు. సైన్సు వార్తలు రాసేవాళ్లు దాన్నీ నలిపేస్తారు. కాంతిశాస్త్రంలో పరిశోధన చేసి పొట్టపోసుకునే నాకు ఇది కడుపుమంట, ఎందుకంటే మా దగ్గర సరుకంటే షరతులే.

మొన్న ఉగ్గాని, బజ్జి తింటుంటే పక్కనున్న పెద్దాయన పేపరు నా ముందుకు తోశాడు. "ఏం సారూ, వెలుతురును గడ్డ కట్టించినారంట గదా! ఇంక ఐసు మాదిరి కోసి అమ్ముతారా?"

2025లో ఇటలీ శాస్త్రవేత్తలు చేసిన పని అది. వాళ్లు గడ్డ కట్టించింది టార్చిలైటు వెలుతురును కాదు. సెమీకండక్టర్ పొరల్లో కాంతీ పదార్థమూ కలగలిసి పుట్టే పోలరిటాన్లను. అవి స్ఫటికంలా వరుస తీరతాయి, అలాగని ద్రవంలా పారే గుణమూ వదులుకోవు. ఇంతా చెప్పేసరికి పెద్దాయన బజ్జి అయిపోయింది. "అయితే గడ్డ కట్టలేదంటారు" అన్నాడు. "కట్టింది గానీ..." అని నేను మొదలుపెట్టేలోపే టీ డబ్బులిచ్చి లేచిపోయాడు.

కాంతిని ఆపేశారన్న వార్త ఇంకా పాతది. హార్వర్డ్ శాస్త్రవేత్త లీనె హౌ బృందం 1999లో కాంతి వేగాన్ని సెకనుకు 17 మీటర్లకు దించింది. అంటే గంటకు 60 కిలోమీటర్లు, మన ఎర్రబస్సు కూడా దాటేయగలదు. 2001లో ఏకంగా ఆపేసింది. షరతేమిటంటే, సోడియం పరమాణువులను దాదాపు పరమశూన్య ఉష్ణోగ్రత దాకా చల్లార్చాలి. మా బళ్లారిలో ఆ ఖర్చేమీ లేదు. ఫైబర్ కేబుల్లో సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి, 42 డిగ్రీల ఎండలో, డ్రైనేజీకని తవ్విన గుంత దగ్గర టక్కున ఆగిపోతుంది. ఆపినవాడు జేసీబీ డ్రైవరు. ఒకటే తేడా, లీనె హౌ ఆపిన కాంతి, లేజరు మళ్లీ వెలిగించగానే బయల్దేరింది. మాది బయల్దేరాలంటే కేబుల్ అతికేవాడు రావాలి, ఆయన ఫోనెత్తాలి.

2011లో ఐన్‌స్టీన్‌ను పడగొట్టిన వార్త గుర్తుందా? సెర్న్ ప్రయోగశాలలో బయల్దేరిన న్యూట్రినోలు 730 కిలోమీటర్ల అవతల ఇటలీలోని గ్రాన్ సాసోకు కాంతికంటే 60 నానోసెకన్లు ముందే చేరాయన్నారు. ఆ శాస్త్రవేత్తలు బుద్ధిమంతులు, తప్పెక్కడుందో మీరూ వెతకండని లోకాన్ని అడిగారు. మరుసటి ఏడాది అసలు దొంగ దొరికాడు. అదొక ఆప్టికల్ ఫైబర్ కనెక్టరు, సరిగా బిగించలేదు! ఐన్‌స్టీన్‌ను పడగొట్టింది మొదటి పేజీలో. లేపి కూర్చోబెట్టింది ఏ పేజీలోనో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి.

సరిహద్దు జిల్లావాళ్లం కాబట్టి మాకు గొప్పలు రెండు వాటాలు. తెలుగు పేపరు తెరిస్తే అమరావతిలో క్వాంటం వ్యాలీ, ఐబీఎం వారి 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటర్. కన్నడ పేపరు తెరిస్తే హెసరఘట్టలో క్వాంటం సిటీ. ఒకే వస్తువు ఏకకాలంలో రెండు స్థితుల్లో ఉండటమే క్వాంటం వింత అంటారు. అది మాకు నేర్పాలా? 1953లో ఆంధ్ర రాష్ట్రం వస్తుంటే ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్లారి తాలూకా అటా ఇటా అని ఊగుతుంటే జస్టిస్ మిశ్రా వచ్చి కొలిచారు, మైసూరు అని తేలింది. మా నాలుక మాత్రం ఇప్పటికీ రెండు స్థితుల్లోనే ఉంది. ఇక ఆ యంత్రాల సంగతి: క్యూబిట్లు ఎన్ని అన్నదానికంటే అవి ఎంత తరచుగా తప్పుతాయన్నదే ముఖ్యం. ఆ అంకె ఏ భాష పేపర్లోనూ నా కంటపడలేదు.

గొప్పలకు గుంటూరు మాత్రం తక్కువ తిందా? 1868 ఆగస్టు 18న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ సూర్యుడి అంచున ఎగిసే జ్వాలలను స్పెక్ట్రోస్కోపుతో చూశాడు, గ్రహణం లేకున్నా వాటిని చూడొచ్చని మర్నాడే రుజువు చేశాడు. ఆ జ్వాలల వెలుగులోని పసుపు గీత కొత్త మూలకానిదని తర్వాత తేల్చింది ఇంగ్లండులో లాకియర్. భూమ్మీద ఆ వాయువును పట్టుకున్నది 1895లో రాంసే. మొత్తం 27 ఏళ్లు, మూడు బుర్రలు. మనం మాత్రం 'హీలియం గుంటూరులో దొరికింది' అని మూడు మాటల్లో ముగించేశాం.

అందుకని పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఏ అద్భుతం అచ్చయినా మూడు ప్రశ్నలడగండి. ఎంత సైజులో చేశారు? ఎంత చలిలో చేశారు? ఇంకెవరైనా మళ్లీ చేసి చూశారా? మూడింటికీ జవాబు దొరక్కపోతే ఆ వార్తను దయచేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.