లోపలి ఎత్తు ఎంత సారూ?

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,
ఉప్పునుంతల నుంచి ఒక ప్రయాణికుడు పెట్టుకునే అర్జీ.

విషయం: డబ్బులిచ్చి పీల్చుకుంటున్న గాలి గురించి.

అయ్యా,

మా నాగర్‌కర్నూల్ జిల్లాలో విమానాశ్రయం లేకపోయినా విమానం ఎక్కేవాళ్లకు కొదవ లేదు. దుబాయ్‌కి పనికి పోయేవాళ్లు, అమెరికాలో మనవణ్ణి చూడబోయేవాళ్లు శ్రీశైలం రోడ్డు పట్టుకొని శంషాబాద్ చేరుతుంటారు. లోపల కూర్చున్నాక సీటు ముందున్న తెర 36,000 అడుగులు, బయట మైనస్ 55 డిగ్రీలు అని గొప్పలు చెబుతుంది. మేం పీల్చే గాలి ఏ ఎత్తుదో, అంటే లోపలి ఎత్తు ఎంతో మాత్రం నోరు విప్పదు.

మామూలు ప్రయాణంలో లోపలి గాలి 8,000 అడుగుల ఎత్తులో ఉండే గాలికన్నా పలచబడకూడదని నిబంధన. అంటే 2,438 మీటర్లు. తెలుగు నేల మీద అంత ఎత్తు కొండే లేదు. ఊటీ కూడా దానికి కిందే! దుబాయ్‌కి టికెట్ కొన్నవాణ్ణి ఊటీ కన్నా పైన కూర్చోబెట్టినా నిబంధన ఒప్పుకుంటుందన్నమాట. అక్కడ చిప్స్ ప్యాకెట్టూ ఉబ్బుతుంది, పొట్టా ఉబ్బుతుంది. తేమ 20 శాతం కూడా లేక గొంతు ఎండుతుంది. బోయింగ్ 787లో ఈ ఎత్తును 6,000 అడుగులకు దించారు. కాబట్టి కుదరదని అనలేరు.

పెద్ద తప్పు జరిగితే మీరు కదులుతారు, కాదనను. 2018 సెప్టెంబర్ 20న ముంబై నుంచి జైపూర్ బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో సిబ్బంది పీడనం స్విచ్ వేయడం మరిచారు. 166 మంది ప్రయాణికుల్లో దాదాపు 30 మందికి ముక్కుల్లోంచి, కొందరికి చెవుల్లోంచి కూడా రక్తం కారింది. ఆ పైలట్లను విధుల నుంచి తప్పించారు. 2022 అక్టోబర్ 12న గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ విమానంలో ఇంజిన్ ఆయిల్ ఏసీ గాలిలో కలిసి పొగ కమ్మింది. ఆయిల్ నమూనాలు పరీక్షించమని ఆదేశించారు. రక్తానికీ పొగకూ కదిలిన కుర్చీ చెవి నొప్పికీ కాస్త కదలాలి కదా!

కోరికలు మూడే.

ఒకటి: పైలట్ ముందుండే ఆ లోపలి ఎత్తు అంకెను మా తెర మీదా చూపించండి.

రెండు: కిందికి దిగేటప్పుడు లోపలి పీడనం పెరిగి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. మింగినా ఆవలించినా చెవికీ గొంతుకూ మధ్య ఉన్న గొట్టం తెరుచుకుని నొప్పి తగ్గుతుంది. పసిపిల్లలకు పాలు పట్టాలి. హైదరాబాద్ విమానాల్లో ఈ ముక్క తెలుగులో చెప్పించండి.

మూడు: తలుపులు మూసి, ఏసీ లేకుండా విమానాన్ని ఎండలో నిలబెడితే తెరుచుకోవడానికి మాకు ఆర్టీసీ బస్సు కిటికీ లేదు. ఎంతసేపు దాటితే జనాన్ని కిందికి దించాలో అందరికీ కనిపించేలా రాసి పెట్టండి.

వీటికోసం కొత్త విమానాలు కొనక్కర్లేదు. మీ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు.

ఇట్లు,
చెవులు గుయ్యిమంటున్న మీ ప్రయాణికుడు,
ఉప్పునుంతల.